దేవాలయపు రంగుటద్దాలు - వాటిని పట్టి నిలిపిన సీసము

ఆదివారము ఉదయము ఆరాధనలో కూర్చున్నవారి చూపు రంగుటద్దాల కిటికీ మీదికి పోయినప్పుడు అది నీలమును చూస్తుంది, ఎరుపును చూస్తుంది, పరిశుద్ధుల ముఖములను చూస్తుంది. ఆ రంగుల నడుమ పాకుతూ పోయే నల్లని గీతను మాత్రము చూడదు. చూసినా చిత్రకారుడు కుంచెతో గీసినదే అనుకుంటుంది. అది కుంచె గీత కాదు. సీసపు బద్ద. వందలాది గాజు ముక్కలను ఒకదానితో ఒకటి కలిపి, గాలికీ వానకూ ఎదురుగా నిలబెట్టేది అదే. ఈ శతవార్షిక సంచికలో మన మిషనెరీలను గూర్చి, బిషప్పులను గూర్చి, బడులను, ఆసుపత్రులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. మేము ఈ నల్లని గీతను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము. ముఖ్యముగా, గాజు మందముగా ఉన్నప్పుడు దానికి తగిన సీసమును పనివారు ఎట్లు ఎన్నుకొన్నారు, ఎక్కడనుండి సంపాదించుకొన్నారు అనేది మా విషయము. విషయము చిన్నదే. అయితే దీనిలో తప్పు జరిగితే పోయిన గాజు మరల రాదు.

సీసము అనగానే తెలుగువారికి ముందు పద్యము జ్ఞాపకము వస్తుంది. లోహము తరువాత వస్తుంది. నిజానికి ఆ లోహము మనకు కొత్తది కాదు. రెండువేల ఏండ్ల క్రిందట ఈ నేలను ఏలిన శాతవాహనులు సీసముతో నాణెములు పోయించారు. నేటికీ తెలంగాణాలోనూ ఆంధ్రలోనూ పాత దిబ్బలలో అవి దొరుకుతూనే ఉన్నవి. బైబిలు చదివేవారికీ సీసము పరిచితమే. నిర్గమకాండము 15వ అధ్యాయములో ఎర్రసముద్రము దాటిన తరువాత పాడిన కీర్తనలో అది బరువుకు గుర్తుగా వస్తుంది. యోబు 19వ అధ్యాయములో చెరగని వ్రాతకు గుర్తుగా వస్తుంది. యెహెజ్కేలు 27వ అధ్యాయములో తర్షీషు వర్తకులు తెచ్చిన సరుకుల పట్టికలో వెండి, ఇనుము, తగరముల సరసన ఉన్నది. బరువు, మెత్తదనము, చెడకుండా నిలిచే గుణము - ఈ మూడింటి కోసమే కిటికీ పనివాడు కూడా దానిని చేతబట్టినాడు.

సీసపు బద్దను ఆంగ్లములో కేమ్ అంటారు. రెల్లు అని అర్థమిచ్చే లాటిను మాటనుండి ఆ పేరు వచ్చినదని చెప్తారు. దానిని అడ్డముగా కోసి చూస్తే ఆంగ్లములోని హెచ్ అక్షరమువలె ఉంటుంది. ఇండ్ల కప్పులకు వేసే ఇనుప గర్డరును చూసినవారికి ఆ ఆకారము తెలుసును. మధ్యలోని అడ్డపు ముక్కను పనివారు గుండె అంటారు. దానికి ఇటూ అటూ ఉన్నవి రెక్కలు. రెక్కల మధ్య, గుండెకు రెండు వైపులా ఏర్పడే సందు గాడి. ఒక గాజు ముక్క ఈ వైపు గాడిలోనూ, పక్క ముక్క ఆ వైపు గాడిలోనూ దూరుతవి. బద్దలు కలిసిన చోటెల్లా తగరము కలిపిన టంకముతో అతుకుతారు. ఆ పిమ్మట సుద్దపొడి, అవిసెనూనె, దీపపు మసి కలిపిన మక్కును రెక్కల క్రిందికి బ్రష్షుతో గట్టిగా తోస్తారు. అది గట్టిపడిన తరువాతనే కిటికీకి బిగువు వస్తుంది, నీరు లోపలికి రాకుండా ఆగుతుంది. చదువరులు ఒక్క సంగతి జ్ఞాపకముంచుకోవాలి. బయటికి కనబడే రెక్క వెడల్పు వేరు, లోపలి గాడి ఎత్తు వేరు. రెక్క ఎంత వెడల్పు ఉండాలో చిత్రము నిర్ణయిస్తుంది. గాడి ఎంత ఎత్తు ఉండాలో గాజు మందము నిర్ణయిస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా అనుకొన్నందువల్లనే మరమ్మతులలో సగము చిక్కులు వస్తున్నవి.

ఈ పనిని మొదట వివరముగా గ్రంథస్థము చేసినవాడు ఒక సన్యాసి. ఆయన తన పేరు థియోఫిలస్ అని పెట్టుకొన్నాడు. పండ్రెండవ శతాబ్దపు తొలిభాగములో, జర్మను దేశములో లాటిను భాషలో ఆయన వ్రాసిన చేతిపనుల గ్రంథములో రెండవ భాగమంతా గాజు పనే. సున్నము పూసిన పలక మీద చిత్రమును గీయడము, ఎర్రగా కాల్చిన ఇనుముతో గాజును పగులగొట్టడము, అంచులను ఇనుప పనిముట్టుతో కొరుకుతూ ఆకారమునకు తేవడము, ఇవన్నీ అందులో ఉన్నవి. సీసపు బద్దలను అచ్చులలో పోత పోసుకొనమని ఆయన చెప్పి, ఇనుప అచ్చు ఎట్లు చేయాలో, కొయ్య అచ్చు ఎట్లు చేయాలో రెండింటినీ వివరించినాడు. అనగా ఆనాటి పనివాడు సీసపు బద్దను బజారులో కొనలేదు. తన గాజును తాను చూసుకొని, తన అచ్చును తాను కోసుకొని, తన బద్దను తాను పోసుకొన్నాడు. ఆనాటి గాజు ఊదిన గాజు. ఒకే ముక్కలో ఒక అంచు మూడు మిల్లీమీటర్లు ఉంటే మరియొక అంచు ఆరు ఉండవచ్చును. దానికి సరిపోయే బద్ద ఇంటిలోనే తయారవుతున్నది గనుక ఇది పెద్ద సమస్యగా వారికి తోచియుండదు. పోసిన బద్దలు మందమైన గుండెతో, గుండ్రని రెక్కలతో బలముగా ఉండేవి.

పదహారవ శతాబ్దము నాటికి సీసపు మర వాడుకలోనికి వచ్చింది. మొద్దుగా పోసిన సీసపు కడ్డీని పండ్లుగల రెండు చిన్న ఇనుప చక్రముల మధ్య దూర్చి పిడి తిప్పితే, అవతలి వైపున పొడవైన సన్నని బద్ద బయటికి వస్తుంది. చక్రములు రెండు వైపులనుండి నొక్కి గాడులను ఏర్పరుస్తవి. పని ఎంతో వేగిరమైనది. కాని మరలోని ఒక మర్మమును ఇక్కడ చెప్పాలి. ఆ చక్రపు అంచు ఎంత వెడల్పు ఉన్నదో గాడి అంత ఎత్తే వస్తుంది. రెండు చక్రముల నడుమ సందు ఎంత ఉన్నదో గుండె మందము అంతే వస్తుంది. కావున ఒక జత చక్రములు ఉన్న పనివాడు ఒక కొలత గాడినే తీయగలడు. మందమైన గాజు వస్తే అతడు వేరే చక్రములు చేయించుకోవాలి, లేదా గాజునే సన్నగా చేసుకోవాలి. రెండవదే సులభము గదా! కొందరు పనివారు చక్రముల అంచు మీద తమ పేరును, సంవత్సరమును చెక్కించుకొన్నారు. ఆ అక్షరములు బద్ద గుండె మీద అచ్చుపడి, గాజు వెనుక దాగి, రెండు మూడు వందల ఏండ్లు ఎవరికంటా పడకుండా ఉండిపోయినవి. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పాత కిటికీలు విప్పినప్పుడు బయటపడిన ఈ పేర్లను, తేదీలను పట్టుకొని పండితులు ఇండ్ల వయస్సును లెక్కకట్టినారు.

గాజు సన్నబడి, నున్నబడి, ఒకే మందముగా వస్తున్నకొద్దీ సీసము కూడా సన్నబడింది. పందొమ్మిదవ శతాబ్దము మొదటి సగము నాటికి దేవాలయముల కిటికీలు రంగు కాగితములవలె చదునుగా, పలుచగా కనబడసాగినవి. లండనులో న్యాయవాదిగా ఉన్న చార్లెస్ విన్‌స్టన్ అనే ఆయనకు ఇది నచ్చలేదు. పాత దేవాలయముల గాజులో ఉన్న కాంతి కొత్తదానిలో ఎందుకు లేదని ఆలోచించి, పాత ముక్కలను రసాయన పరీక్ష చేయించి, 1850 ప్రాంతములో లండనులోని జేమ్స్ పావెల్ అండ్ సన్స్ వారి చేత పాత పద్ధతికి దగ్గరగా ఉండే గాజును చేయించినాడు. వృత్తికి వకీలైనవాడు గాజు చరిత్రను మార్చినాడంటే మన సంఘములలోని వకీళ్లు సంతోషింపవలసిన మాటే.

అంతటితో ఆగలేదు. 1889లో ఎడ్వర్డ్ ప్రయర్ అనే వాస్తుశిల్పి మరియొక అడుగు వేసినాడు. లండనులోని సౌత్‌వర్క్‌లో ఉన్న బ్రిటెన్ అండ్ గిల్సన్ గాజుశాలలో ఆయన సూచన మీద తయారైన గాజును పలక గాజు అంటారు. కరిగిన గాజును నలుచదరపు పెట్టెవంటి అచ్చులోనికి ఊదుతారు. చల్లారిన తరువాత నలుపలకల సీసా ఒకటి వస్తుంది. ఆ సీసా నాలుగు పక్కలను, అడుగును విడదీస్తే అయిదు పలకలు. ఒక్కొక్క పలక నడుమ మందముగా, అంచులవైపు పలుచగా, మొత్తముమీద ఎగుడుదిగుడుగా ఉంటుంది. మందమున్న చోట రంగు చిక్కగానూ, పలుచనైన చోట లేతగానూ కనబడి, ఒకే ముక్కలో వెలుగు అలలవలె కదులుతుంది. సీసానుండి పుట్టిన గాజుకు సీసపు కట్టు! తెలుగులో ఈ మాటల పొందిక బాగున్నది గాని, పనివానికి మాత్రము అది ప్రాణసంకటమైనది.

ఎందుకంటే, ఆ పలక నడుమ భాగమునుండి ఒక ముక్కను కోస్తే దాని అంచు ఒక వైపు మూడు మిల్లీమీటర్లు, మరియొక వైపు ఎనిమిదో పదో ఉండవచ్చును. బజారులోని మామూలు బద్ద గాడి అయిదు మిల్లీమీటర్లకు మించదు. అప్పుడు పనివాని ముందు మూడు దారులు ఉంటవి. మొదటిది, రెక్కలను బలవంతముగా తెరిచి గాజును దూర్చడము. రెక్క వంగిపోయి గాజు మీద సరిగా కూర్చోదు. క్రింద మిగిలిన సందును మక్కుతో నింపుతారు. మక్కు ఎండి రాలిన నాడు నీరు దిగుతుంది. రెండవది, గాజు అంచునే అరగదీసి గాడికి సరిపెట్టడము. పనికి ఇది తేలిక. కాని ఆ అంచు దగ్గర గాజు బలహీనమై చిట్లుతుంది. ఆ గాజును ఏ అందము కోసము కొన్నారో ఆ మందమే అంచుల వద్ద పోతుంది. మూడవది, గాజు మందమును ముందుగా కొలిచి, దానికి తగిన ఎత్తు గుండె ఉన్న బద్దను తెప్పించడము, లేదా చేయించడము. మూడవదే సరియైన దారి అని మా అభిప్రాయము. పలక గాజును మనసుపెట్టి వాడిన పనివారందరూ ఆ దారినే నడిచారు.

వారిలో ముఖ్యుడు క్రిస్టఫర్ వాల్. ఈయన 1849లో పుట్టి 1924లో కన్నుమూశాడు. గ్లాస్టర్ కతీడ్రల్‌లోని లేడీ చాపెల్ కిటికీలను 1890ల చివరినుండి కొన్ని ఏండ్లపాటు చేసిన పని ఆయనకు పేరు తెచ్చింది. వాటిలో తెల్లని పలక గాజును విరివిగా వాడాడు. తెలుపు అంటే మన ఇంటి కిటికీ తెలుపు కాదు. కొద్దిగా పచ్చనగా, కొద్దిగా బూడిదగా, మంచులో వెన్నెల పడినట్లుండే తెలుపు. 1905లో ఆయన ప్రచురించిన రంగుటద్దాల పని అనే పుస్తకము చేతిపని నేర్చుకొనేవారికి చాలాకాలము పాఠ్యగ్రంథముగా ఉన్నది. వాల్‌కు ముందు పెద్ద కంపెనీలలో బొమ్మ గీసేవాడొకడు, గాజు కోసేవాడొకడు, సీసము కట్టేవాడొకడు. ఒకరి పని ఒకరికి తెలియదు. బొమ్మ గీసేవాడే గాజు ఎన్నుకోవాలి, సీసపు గీత ఎక్కడ లావుగా ఉండాలో ఎక్కడ సన్నగా ఉండాలో అతడే చూసుకోవాలి అని వాల్ పట్టుబట్టాడు. అప్పుడే సీసపు గీత చిత్రములో భాగమైనది.

ఈ పద్ధతికి ఒక ఇల్లు కూడా ఏర్పడింది. మేరీ లౌండెస్ అనే చిత్రకారిణి, ఆల్‌ఫ్రెడ్ డ్రూరీ అనే పనివానితో కలిసి 1897లో ఒక సంస్థను పెట్టింది. 1906లో వారు లండనులోని ఫుల్హాములో ది గ్లాస్ హౌస్ అనే కార్ఖానాను కట్టించారు. స్వంత కొలిమి పెట్టుకొనే స్తోమత లేని చిత్రకారులు అక్కడ గది అద్దెకు తీసుకొని, అక్కడి పనివారి సాయముతో కిటికీలు చేసుకొనేవారు. మందమైన గాజుకు కావలసిన సీసమును ఒంటరి చిత్రకారుడు తెప్పించుకోవడము కష్టము. నలుగురు కలిసి పనిచేసే చోట అది సాధ్యమైనది. స్త్రీలు ఈ వృత్తిలో పెద్ద సంఖ్యలో ప్రవేశించడానికి కూడా ఆ ఇల్లు తోడ్పడింది. ఇది ప్రసంగవశముగా చెప్పిన మాట.

అమెరికాలో కథ వేరుగా నడిచింది. జాన్ లా ఫార్జ్ 1880లో పాలవంటి మబ్బుగల గాజును కిటికీలలో వాడే పద్ధతికి పేటెంటు పొందాడు. లూయిస్ టిఫనీ వస్త్రపు మడతలు చూపడానికి, వేడి గాజును నిజముగానే మడతలు పెట్టించి పోయించాడు. ఒక్కొక్క మడత ఎంత లావో ఊహించుకోవచ్చును. అది చాలదన్నట్లు ఒక గాజు వెనుక మరియొక గాజును పెట్టి, రెండు మూడు పొరలను ఒకే గాడిలో కూర్చారు. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ పొరలు కూడా ఉన్నవి. మామూలు బద్ద అక్కడ పనికిరాదు గనుక చాలా ఎత్తు గుండెగల బద్దలను చేయించుకొన్నారు. నేడు వాటిని విప్పి కట్టేవారికి తగిన బద్ద దొరకకపోతే, సీసపు రేకులను కోసి రెక్కలుగా, గుండెగా టంకముతో అతికి, చేతితోనే బద్దను తయారు చేసుకొంటారు. అది నిదానమైన పని, ఖరీదైన పని.

సీసమునకు కూడా ఒక హద్దు ఉన్నది. 1920లు, 30లలో ఫ్రాన్సు దేశములో అంగుళము మందమున్న గాజు దిమ్మెలను వాడే పద్ధతి పుట్టింది. వాటిని సుత్తితో చెక్కి ఆకారమునకు తెస్తారు. అంత లావు గాజును ఏ సీసమూ మోయలేదు. కావున వాటిని కాంక్రీటులో, తరువాతి కాలములో ఎపాక్సీ అనే రసాయనపు జిగురులో పోసి బిగించారు. 1967లో ప్రతిష్ఠించిన లివర్‌పూల్ రోమను కతీడ్రల్ శిఖరములోని గాజు ఈ రెండవ తరగతిది. చూడడానికి అది బ్రహ్మాండముగా ఉంటుంది. కాని సీసమునకున్న ఒక గొప్ప గుణము దానికి లేదు. సీసము విప్పడానికి వీలైనది. నూరేండ్ల తరువాత వచ్చే పనివాడు పాత బద్దను కోసి తీసి, అదే గాజును కొత్త బద్దలో కట్టగలడు. కాంక్రీటులో పోసిన గాజును అట్లు తీయడము మహా కష్టము.

మన దగ్గరికి వద్దాము. తెలుగు దేశములోని దేవాలయములలో పెద్ద రంగుటద్దాల కిటికీలు అనగానే ఎవరికైనా మెదకు కతీడ్రల్ గుర్తుకు వస్తుంది. రెవరెండ్ చార్లెస్ వాకర్ పోస్నెట్ గారు కరువు కాలములో పనిపెట్టి కట్టించి, 1924 డిశంబరు 25న ప్రతిష్ఠ జరిపించిన ఆ దేవాలయములోని మూడు గొప్ప కిటికీలకు చిత్రములు కూర్చినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ప్రభువు ఆరోహణము 1927లోనూ, జననము 1947లోనూ, సిలువ 1958లోనూ అమర్చబడినవి. సాలిస్‌బరీ రాజుల చిత్రములు వేసి పేరు పొందినవాడని అందరికీ తెలుసు. ఆయన మెథడిస్టు భక్తుడు. పదిహేనవ ఏట తన అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకోవడానికి చేరినవాడు. అనగా కుంచె పట్టడానికి ముందే గాజునూ సీసమునూ ఎరిగినవాడు. ఆ మూడు కిటికీల నడుమ ముప్పది ఒక్క సంవత్సరములు గడిచినవి. ఈ లోగా దేశమునకు స్వాతంత్ర్యము వచ్చింది, 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది, కిటికీలకు మాత్రము చిత్రకారుడు మారలేదు.

విదేశములో కట్టిన కిటికీ మన ఎండలో నిలబడినప్పుడు సీసము పరీక్షకు గురి అవుతుంది. వేడికి గాజు కొద్దిగా సాగుతుంది. సీసము దానికి మూడింతలు సాగుతుంది. చలికాలపు తెల్లవారుజామునకు, వేసవి మధ్యాహ్నపు ఎండకు కిటికీ మీద నలుబది డిగ్రీల తేడా ఉన్నదనుకొందాము. ఒక మీటరు గాజు సుమారు మూడోవంతు మిల్లీమీటరు పెరిగితే, ఒక మీటరు సీసము ఒక మిల్లీమీటరు పైచిలుకు పెరుగుతుంది. ఏటేటా ఈ లాగుడూ పీకుడూ జరిగి జరిగి, సీసము అలసి, టంకము పక్కనే సన్నని బీటలు పడుతవి. దీనికి బరువు తోడు. మూడు మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు తూగితే, ఎనిమిది మిల్లీమీటర్ల గాజు ఇరవై కిలోలు తూగుతుంది. మందమైన గాజుకు గాడి ఎత్తు ఒక్కటే చాలదు. గుండె కూడా దళసరిగా ఉండాలి. కిటికీకి అడ్డముగా ఇనుప చువ్వలు దగ్గర దగ్గరగా ఉండాలి. సీసమును వాటికి రాగి తీగలతో కట్టాలి. మా పరిశీలనలో, పాత కిటికీ పొట్ట ఉబ్బినట్లు ముందుకు వచ్చిన చోటెల్లా ఈ తీగలు తెగియున్నవి.

ఇక సీసము ఎక్కడిది, ఎటువంటిది అనే ప్రశ్న. పాత కాలపు సీసములో తగరము, రాగి, వెండి, ఆంటిమొనీ వంటివి కొద్దికొద్దిగా కలిసి ఉండేవి. వాటిని పూర్తిగా తీసే ఉపాయము ఆనాటివారికి లేదు. పందొమ్మిదవ శతాబ్దములో సీసమునుండి వెండిని రాబట్టే కొత్త పద్ధతులు వచ్చి, శుద్ధ సీసము చవకగా దొరికింది. శుద్ధమైనది మంచిదే గదా అనుకొంటాము. కిటికీ విషయములో అది నిజము కాలేదు. మరీ శుద్ధమైన సీసము మరీ మెత్తన. తన బరువుకు తానే జారుతుంది, త్వరగా అలసిపోతుంది. పాత సీసమును పరీక్షించి చూసి, ఆ కొద్దిపాటి లోహములను కొలత ప్రకారము మరల కలిపిన సీసపు బద్దలు ఇటీవలి దశాబ్దములలో విదేశములలో తయారవుతున్నవి. మంచి బద్ద ఆయుస్సు నూరేండ్లకు అటూ ఇటూ అని ఈ వృత్తివారి లెక్క. కావున మిషనెరీల కాలమునాటి కిటికీలకు ఆ గడువు మన తరములోనే వచ్చింది.

లోహము మన నేలలో లేక కాదు. గుంటూరు జిల్లాగా ఉన్న ప్రాంతములో, అగ్నిగుండాల దగ్గర బండ్లమోటులో సీసపు గని ఇరవయ్యవ శతాబ్దము చివరి దశకములలో నడిచింది. 1970లలో విశాఖపట్టణములో హిందూస్థాన్ జింక్ వారి కర్మాగారము నెలకొన్నది. జింకుతోపాటు సీసము కూడా అక్కడ తయారైనది. అదీ తరువాత మూతపడింది. నేడు మన ఊళ్ల బజారులలో చేతికి అందే సీసములో ఎక్కువ భాగము పాత బ్యాటరీలను కరిగించి తీసినది. బ్యాటరీ పలకలకు గట్టిదనము కోసము ఆంటిమొనీ వంటివి కలుపుతారు. శుద్ధి చేయకుండా దానితో బద్ద తీస్తే బిరుసుగా వచ్చి, గాజు వంపు చుట్టూ తిప్పేటప్పుడు పగులుతుంది. రెక్కను మూయడానికి నొక్కితే సీసము వంగదు, గాజు విరుగుతుంది. మంచి బద్ద వ్రేలితో వంచితే చప్పుడు లేకుండా వంగాలి, వంగినచోట బీట కనబడకూడదు. ఇది ఎవరైనా చేయగల పరీక్ష. అయితే చేతులు కడుక్కోకుండా అన్నము ముట్టరాదు. సీసము విషము. దాని దుమ్ము పిల్లలకు మరీ అపాయము. కిటికీ పనిని సండే స్కూలు గదిలో పెట్టించరాదు.

మా పాస్టరేటులోని ఒక కిటికీ విషయములో ఇదంతా మాకు ప్రత్యక్షముగా తెలిసి వచ్చింది. మిషనెరీల కాలములో ఓడమీద వచ్చిన చిన్న కిటికీ అది. దానిలో గొఱ్ఱెపిల్లను భుజమున వేసుకొన్న కాపరి బొమ్మ ఉన్నది. ఉత్సవములకు ముందు మరమ్మతు చేయించుదామని కమిటీ తీర్మానించి అంచనాలు అడిగింది. వచ్చిన అంచనాలలో ఒకటి చాలా తక్కువగా ఉన్నది. మా పెద్దలు సంతోషించారు. చదివి చూస్తే, లావుగా ఉన్న ముక్కల అంచులను మరతో అరగదీసి మామూలు బద్దలో బిగిస్తామనీ, అరగదీయడానికి వీలుకాని వాటికి బదులు కొత్త రంగు గాజు వేస్తామనీ అందులో ఉన్నది. కాపరి అంగీ అంతా లావు గాజే. అనగా మరమ్మతు తరువాత కాపరి ఉంటాడు గాని అంగీ వేరేది అవుతుంది!

మాలో ఒకరు రిటైరయిన రైల్వే ఫిట్టరు. ఆయన తన కాలిపర్సును తెచ్చి, బద్ద వదులైన చోట బయటికి వచ్చిన గాజు అంచులను ఒక్కొక్కటిగా కొలిచి నోటుపుస్తకములో వ్రాశాడు. సన్నని అంచు నాలుగు మిల్లీమీటర్లు, లావుది తొమ్మిది. ఈ కొలతల పట్టికను జతచేసి, ఎత్తు గుండె బద్దలు ఏ కొలతలలో తెప్పించగలరని మేము మరల అడిగాము. ఆరు, ఎనిమిది, పది మిల్లీమీటర్ల గాడులతో బద్దలు తయారు చేసేవారు విదేశములలో ఉన్నారు. రెండేసి మీటర్ల పొడవున, మెలి పడకుండా పెట్టెలలో వస్తవి. ఖర్చు ఎక్కువే. బద్ద ధరకన్నా దానిని తెప్పించే ఖర్చు మమ్ములను భయపెట్టింది. కమిటీలో రెండు సమావేశములు వాదము జరిగింది. ఇంత డబ్బు ఒక కిటికీకా, ఆ డబ్బుతో ఇద్దరు పిల్లలకు కాలేజీ ఫీజు కట్టవచ్చునే అని ఒక అక్కగారు అడిగారు. ఆమె మాట కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరకు అనుభవముగల పనివాడొకడు కిటికీని చూసి, సీసములో మూడు వంతులు ఇంకా గట్టిగానే ఉన్నది, మొత్తము విప్పనక్కర లేదు అన్నాడు. పై భాగములో సీసము గట్టిగానే ఉండి మక్కు మాత్రము పోయింది గనుక మక్కు నింపి, తెగిన రాగి తీగలు మార్చారు. వాన తగిలే క్రింది భాగమునకు మాత్రమే ఎత్తు గుండె బద్ద తెప్పించారు. దానిలోనూ అన్నింటికీ ఒకే కొలత కాదు. సన్నని ముక్కలకు ఆరు, అంగీ ముక్కలకు పది. ఒక ముక్కలోనే అంచు పలుచబడిన చోట మిగిలిన సందు మక్కుతో నిండింది. కొద్ది సందు కొరకు మక్కు, పెద్ద మందము కొరకు గాడి. ఈ తూకము తెలిసినవాడే పనివాడు. ఫీజుల నిధికి కూడా కొంత మిగిలింది.

ఆ పని జరుగుతున్నప్పుడు చూసిన ఒక సంగతి వ్రాసి ముగిస్తాము. విప్పిన పాత బద్దలను పనివాడు మూలకు విసరబోతే మా ఫిట్టరుగారు ఆపి, గాడి లోపల గుండె మీద గుడ్డతో తుడిచి చూశారు. పేరూ లేదు, సంవత్సరమూ లేదు. మర చక్రపు పండ్లు కొరికిన అడ్డగీతలు మాత్రము సమముగా, దువ్వెన పండ్లవలె వరుసగా ఉన్నవి. గాడి కొలిస్తే సరిగా పది మిల్లీమీటర్లు. కట్టినవాడు ఎవడో గాని, ఆ గాజును ముందు కొలిచి, దానికి తగిన చక్రములు మరకు వేసి తీసినాడు. జానెడు ముక్కను కోసి కవరులో పెట్టి, కవరు మీద కిటికీ పేరు, గాజు కొలతల పట్టిక, కొత్త బద్దల కొలతలు, తెప్పించిన చోటు, విప్పిన తేదీ వ్రాసి బాప్తిస్మపు రిజిస్టర్లు ఉండే బీరువాలో ఉంచాము. ఈసారి కిటికీ విప్పేవారు ముందు ఆ కవరు చూడాలని కమిటీ మినిట్సులో కూడా వ్రాయించాము.